ఏడాది తర్వాత ఫొటో

"ఈ అబ్బాయిని చూడరా! ముందు బోడిగుండు, తర్వాత అడవి! ఇక్కడే నాటించుకుందువుగాని."

పక్క కుర్చీలో ఆవిడ కొడుక్కి, జుట్టు నాటే డాక్టరు గారి ఆల్బమ్ చూపిస్తోంది. నేను మావాడి ఆసుపత్రి కాగితాల కోసం వచ్చి కూర్చున్నాను. ఊరికే తొంగి చూశాను.

మావాడే. ఎడమవైపు ఫొటోలో బట్టతలతో, కుడివైపు ఫొటోలో నిండు జుట్టుతో నవ్వుతున్నాడు. కింద 'ఏడాది తర్వాత' అని రాసి ఉంది.

"వీడు నా కొడుకమ్మా. ఆపరేషనైన నాలుగో రోజే, తలంతా చీము పట్టి చనిపోయాడు."

ఆవిడ బిత్తరపోయింది. "అయ్యో! మరి ఈ జుట్టేంటక్కా?"

"వాడి ఇరవయ్యేళ్ళప్పటిది. అప్పటి జుట్టు చూసి అలాగే నాటుతానన్నాడు డాక్టరు. ఫొటో నేనే తెచ్చిచ్చాను."

ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయింది.

ఆల్బమ్ నా ఒళ్ళో మిగిలింది. "ఇప్పుడెందుకులేమ్మా" అన్న మావాణ్ణి కూర్చోబెట్టి, సంబంధాలు చూసినట్టు నాలుగు ఆసుపత్రుల ఆల్బమ్‌లు తిరగేసి, ఈ డాక్టర్ని ఎంచింది నేనే. ఇందులో పిల్లలంతా ఎంత చక్కగా నవ్వుతున్నారో అనుకున్నాను.

ఇప్పుడు ఒక్కొక్క పిల్లాణ్ణీ చూస్తూ అడుగుతున్నాను: "నువ్వు బతికే ఉన్నావా నాయనా? నీ ఫొటో కూడా మీ అమ్మే తెచ్చిచ్చిందా?"