కొండమేక సలహా

నడుముకీ తొడలకీ పట్టీలు బిగించుకుని దుకాణం పైకప్పు నుంచి వేలాడుతున్న పళ్ళ డాక్టరు జేబులోంచి ఫోన్ తీశాడు.

"కాళ్ళు కాస్త ముందుకి చాపండి," అన్నాడు దుకాణదారు కింద నుంచి. "తొడల దగ్గర ఒరుసుకుంటోందా?"

"లేదండీ. ఉయ్యాల్లో ఉన్నట్టుంది."

"అయితే సరిపోయినట్టే. ఇంకో పది నిమిషాలు అలాగే ఉండండి. హార్నెస్ అంటే నడుముకి బిగించి అద్దంలో చూసుకునేది కాదు, వేలాడి చూసుకునేది."

కొండలెక్కే సామాను అమ్మే దుకాణాలు ఆ ఊళ్ళో ఒకప్పుడు మూడు. మిగిలింది ఇదొక్కటే. మరో ఐదేళ్ళకి అద్దె ఒప్పందం రాసుకుంటారో, ఖాళీ చేస్తారో ఆ సాయంత్రం ఆరింటిలోగా తేల్చమన్నాడు భవనం యజమాని. డాక్టరుది ఆరుగురు స్నేహితుల జట్టు. ఆరుగురికీ తాళ్ళు, హెల్మెట్లు, బూట్లు, హార్నెస్‌లు అన్నీ కావాలి. ఈ బేరం కుదిరితే సంతకం పెట్టేస్తానని దుకాణదారు పొద్దున్నే భార్యతో అన్నాడు. "మీ ఇష్టం," అందామె, కౌంటర్ దగ్గర సరుకు జాబితా టైపు చేస్తూ.

డాక్టరు నడుము దగ్గరున్న చీటీని ఫొటో తీశాడు.

"సైజు కోసమా?" అడిగాడు దుకాణదారు.

"అబ్బే, ఊరికే..." డాక్టరు నసిగాడు. గాల్లో వేలాడుతూ అబద్ధమాడటం కష్టం. "నిజం చెప్పేస్తానండీ. విదేశీ సైట్లో ఇదే సగం ధరకి దొరుకుతోంది. గుమ్మం దాకా తెచ్చిస్తారు."

"సైటు వాడు మిమ్మల్ని ఇలా వేలాడదీస్తాడా?"

"అందుకేగా మీ దగ్గరికి వెళ్ళమన్నారు!"

"ఎవరు?"

"కొండమేక గారు."

"మేకకి గారేమిటి సార్?"

"ఆ సైట్లో సలహాలిచ్చే మనిషండీ. పెట్టుకున్న పేరది. మన భాషలోనే జవాబిస్తారు. 'ముందు మీ ఊరి దుకాణానికి వెళ్ళి వేసుకుని చూడండి. సైజు రాసుకోండి. ఆర్డరు ఇక్కడ పెట్టండి' అన్నారు. ఏడాదిగా మావాళ్ళందరికీ ఆయన మాటే వేదం."

దుకాణదారు స్టూలు మీద కూలబడ్డాడు. అరలోని బూట్లన్నీ తొడిగి చూసి, మళ్ళీ వస్తామని చెప్పి పోయినవాళ్ళంతా వరసగా గుర్తొచ్చారు.

"అది కొండమేక కాదు సార్, మేకవన్నె పులి. అసలు కొండంటే ఏమిటో తెలుసా వాడికి?"

"భలేవారే, వినండి." డాక్టరు ఫోన్ చూసి చదివాడు. "'చలికి క్యారబినర్ కొక్కెం బిగుసుకుపోతే నోట్లో పెట్టుకుని వెచ్చబెట్టకండి. అలా చేసి పై పెదవి తోలు ఊడగొట్టుకున్న మొనగాడొకడు నాకు తెలుసు. ఆ మచ్చ కనపడకూడదని ఈనాటికీ మీసం తియ్యడు.' బాగా రాశారు కదండీ?"

దుకాణదారు చెయ్యి మీసం మీదికి పోయింది.

"దిగండి," అన్నాడు.

"పది నిమిషాలన్నారు?"

"సరిపోయింది. వెళ్ళి ఆర్డరు పెట్టుకోండి."

డాక్టరు మొహమాటానికి, పట్టు జారకుండా చేతులకి రాసుకునే సుద్దపొడి సంచీ ఒకటి కొనుక్కుని బయటపడ్డాడు. తలుపు మూసుకోగానే దుకాణదారు ఫోన్ అందుకున్నాడు.

"ఎవరికి?" అంది భార్య.

"పొడుగాడికి. వెన్నుపోటు పొడిచింది వాడే. కొండకి ఉత్తరపు గోడ ఎక్కిన రోజు నా పెదవి ఊడిన సంగతి అది. సైకిలు మీంచి పడ్డానని ఊరంతా చెప్పుకున్నాం. అసలు విషయం ఎవరికి తెలుసు? గోడ మీదున్నది మేమిద్దరమే."

పొడుగాడు రెండో రింగుకే ఎత్తాడు.

"ఏరా మేకా!" అన్నాడు దుకాణదారు.

"ఎవడ్రా మేక? పొద్దున్నే ఏం తిన్నావురా?"

దుకాణదారు సంగతంతా ఏకరువు పెట్టాడు. అవతల చాలాసేపు నవ్వు వినిపించింది.

"ఒరేయ్, నేను ఫోన్లో ఒక్క మాట కొట్టేసరికి తెల్లారుతుంది. నీకు తెలీదూ? అంతంత జవాబులు నేను రాస్తానా?"

"మరెవడ్రా?"

"ఎవడో గానీ మంచి పనే చేశాడు."

"నా పొట్ట కొట్టడం మంచి పనా?"

"ఆ పొట్ట ఎంతుందో ఒకసారి చూసుకో. ఆ దుకాణం పెట్టి తొమ్మిదేళ్ళు. ఒక్కసారైనా గోడ ఎక్కావా? ఊళ్ళోవాళ్ళని కొండ మీదికి పంపి నువ్వు షట్టర్ ఎక్కిస్తావు, దించుతావు. ఆదివారం మేం వెళ్తున్నాం. వస్తావా, రావా?"

దుకాణదారు ఫోన్ పెట్టేశాడు. వాడు అబద్ధమాడితే గొంతు కీచుమంటుంది. ఇప్పుడు కీచుమనలేదు.

మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. బూట్లు తొడిగి చూశారు. సైజు ఫొటో తీసుకున్నారు. ఐదున్నరకి అతను భవనం యజమానికి ఫోన్ చేశాడు.

"ఒప్పందం వద్దండీ. నెలాఖరుకి తాళాలు ఇచ్చేస్తాం."

తర్వాత దుకాణం మధ్యకి వచ్చాడు. డాక్టరు విప్పేసిన హార్నెస్ తీసి తనే తొడుక్కున్నాడు. నడుము పట్టీ చివరికంటా వదులు చేస్తేగానీ పట్టలేదు. పైకప్పు కొక్కేనికి తగిలించుకుని కాళ్ళు వదిలేశాడు.

"బాధగా ఉందా?" అంది భార్య.

"ఉండాలి. ఎందుకో లేదు." అతను మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. "ఆదివారం గోడకి వెళ్ళనా?"

"వెళ్దాం."

"అది సరే, వాడు కాకపోతే ఇంకెవరే? ఆ రోజు అక్కడున్నది మేమిద్దరమేగా?"

ఆమె తలెత్తలేదు. వేళ్ళు చకచకా టైపు చేస్తూనే ఉన్నాయి.

ఆ రోజు గోడ కింద తాడు పట్టుకుని నిలబడింది ఆమే.