తోమి ఇచ్చిన డ్రైవు

ఆ రోజుల్లో తలలో పట్టని జ్ఞాపకాలను అందరూ కంప్యూటరుకు తగిలించిన హార్డ్ డ్రైవులోకి దించుకునేవారు. డ్రైవు ఎక్కడున్నా తలచుకోగానే గుర్తొచ్చేవి. చెరిపితే మాత్రం ఇక ఎక్కడా మిగిలేవి కావు.

ఎంత సైజుది కొనాలో తేలక ఇందుమతి తటపటాయిస్తుంటే, పక్కింటి రాజ్యంగారు తన డ్రైవు తెచ్చి చేతిలో పెట్టారు.

“ముందు ఇది వాడి చూడు. ఒక ఫోల్డరులో మా కాపురం సంగతులున్నాయి, దాన్ని మాత్రం కదపకు.”

ఇందుమతి పెరిగిన ఇంట్లో పక్కవాళ్ల గిన్నెను తోమి ఇస్తారు, ఖాళీగా ఇవ్వరు. ఆ అలవాటు కొద్దీ, తిరిగి ఇవ్వాల్సిన రోజు ఉదయం డ్రైవంతా చెరిపేసి, తన కూతురి తొలి నవ్వు అందులో పెట్టి, సాయంత్రం పట్టుకెళ్లింది.

“కొత్తదానిలా చేసి తెచ్చావే,” అని రాజ్యంగారు మురిసిపోయారు.

అప్పుడు గుర్తొచ్చింది ఇందుమతికి, ఆ ఫోల్డరు. చెప్పడానికి నోరు తెరిచేలోగా రాజ్యంగారి భర్త రెండు కప్పుల కాఫీ తెచ్చిపెట్టి వంటింట్లోకి వెళ్లారు.

రాజ్యంగారు కొంగు సర్దుకుని గొంతు తగ్గించారు.

“ఆయనెవరో పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నారమ్మా. అడిగితే బాగుండదని ఊరుకున్నాను. నీకేమైనా తెలుసా?”

ఇందుమతి తలవంచి కాఫీ కప్పు అందుకుంది.

“తెలీదు పిన్నిగారూ,” అంది.

తలెత్తేసరికి, వంటింటి గుమ్మంలో బాబాయిగారు పంచదార గిన్నెతో నిలబడి ఉన్నారు.