బావ స్పానిష్ పాఠం

పక్షవాతం వచ్చాక స్పానిష్ టీచరైన మా అక్కకు మాటలన్నీ పోయాయి. ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత వల్లె వేయించిన ‘వెళ్ళు’ క్రియ రూపాలు మాత్రం నాలుక మీద మిగిలాయి.

ఇవాళ కూడా బావ కుట్టుమిషను ఆపి, ఆమె మంచం పక్కన కూర్చుని నోట్సు తెరిచాడు.

“ఇప్పుడు వెళ్తున్నాను, ‘వోయ్’. నిన్న వెళ్ళాను, ‘వోయే’.”

అక్క అతని చేతి మీద చిన్న దెబ్బ వేసింది. “ఫుయ్!”

“రేపు వెళ్తాను, ‘వోయ్‌రే’.”

“ఇరే!”

వంటింట్లోకి వచ్చిన బావను చూసి నాకు నవ్వాగలేదు. “ఏడాదైంది బావా, ఒక్క క్రియ ఒంటబట్టలేదా?”

“మొదటి నెల్లోనే వచ్చేసిందమ్మా. ఓ రోజు అన్నీ సరిగ్గా అప్పజెప్పాను. మీ అక్క శెభాష్ అన్నట్టు తలూపి, గోడవైపు తిరిగింది. ఆ రోజు మళ్ళీ నోరు విప్పితే ఒట్టు.”