బావమరిది బిగించిన ప్యానెళ్లు

మా ప్రెస్సు రేకుల మీద సోలార్ ప్యానెళ్లు బిగించింది మా బావమరిదే. మొదటి వానకే బోల్టు కన్నాల్లోంచి నీళ్లు కారి, బడికి పంపాల్సిన పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి.

"బోల్టులకి రబ్బరు వాషర్లు వెయ్యలేదేంరా?" అన్నాను.

"ఎండ కోసం పెట్టించుకుని వాన గురించి అడుగుతావేంటి బావా! మనలో మనకి ఇన్ని పట్టింపులా?"

వాడి అక్క, అంటే మా ఆవిడ, నా వైపు చూసింది. నోరు మూసుకుని పుస్తకాలు మళ్లీ అచ్చేశాను. ఆలస్యమైందని బడివాళ్లు వేరే ప్రెస్సుకి వెళ్లిపోయారు.

మరో వానలో వాడి సొంత గోదాముకి వెళ్లాను. పైన అవే ప్యానెళ్లు. లోపల చుక్క నీరు లేదు.

"చెయ్యి బాగా తిరిగిందిరా!" అని మెచ్చుకున్నాను.

"నేను కాదు బావా, బయటివాళ్లతో చేయించాను. మనవాళ్లకిస్తే, పని చెడినా గట్టిగా అడగలేం కదా!"