ఫ్యామిలీ హిస్టరీ

"రిపోర్టు వచ్చి వారమైంది కదా, ఎందుకప్పా దాచిపెట్టినావు?" వైట్‌ఫీల్డ్ ఆఫీసు నుంచి వచ్చిన చైత్ర, బీరువాలో దొరికిన పేగు పరీక్ష, కొలనోస్కోపీ కాగితాలు పట్టుకుని తండ్రిని అడిగింది.

సొన్నప్ప తలెత్తలేదు. "పాలిప్ అని రాసుండాది. అంటే ఏమ్మా?"

"పేగులో మొలిచిన చిన్న కండ. తీసేసి పరీక్షకు పంపినారు. క్యాన్సరని రాయలేదు, భయపడొద్దు."

"నా భయం అది కాదు. కింద చూడు."

‘ఫ్యామిలీ హిస్టరీ: తండ్రికి, అన్నకు పేగు క్యాన్సర్’ అని ఉంది. తాత, పెద్దనాయన కడుపునొప్పితో పోయారనే ఇన్నాళ్లూ ఆమెకు తెలుసు.

"బిడ్డలకూ ఈ పరీక్ష చేయించాలన్నాడు డాక్టరు. ఆ మాట నీకెట్ల చెప్పేది?"

చైత్ర ఆయన పక్కనే కూర్చుంది. ఇంతసేపూ తండ్రిది మాత్రమే అనుకున్న రిపోర్టును మొదటి లైను నుంచి మళ్లీ చదవసాగింది.