ఉత్తుత్తి ఈల

రెండు పొట్టి, ఒకటి పొడుగు. ఈల లోయంతా చుట్టి వచ్చింది.

టీకొట్టావిడ చేతిలో గ్లాసు జారిపోయింది.

లోయ అంచున ఆమె కొట్టు. ఎదురుగా జలపాతం, కింద పచ్చటి పచ్చిక. చూడ్డానికొచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుని మురిసిపోతారు. ఒకనాడు కొండ విరిగిపడి సగం ఊరు ఆ పచ్చిక కిందే ఉండిపోయిందని చెబితే గానీ తెలియదు.

అప్పటినుంచీ ఆ ఊళ్ళో ఒకటే కట్టుబాటు. సరదాకి ఎవరూ ఈల వేయకూడదు. ఆ ఈల వినబడితే మాత్రం ఉన్నపళంగా పైకి పరుగెత్తాలి.

పరుగెత్తారు. పొయ్యి మీద ఎసరు వదిలేసి ఆడవాళ్ళు, సగం గీసిన గడ్డంతో మంగలి, చంటిపిల్లల్ని చంకనేసుకుని తాతలు. ఊరు ఊరంతా కొట్టు ముందుకొచ్చి పడింది.

ఈల వేసింది బస్సు దిగిన ఒక ముసలాయన. కొట్టు పక్కనున్న పేరులేని రాతికి ఆనుకుని నిలబడ్డాడు.

"బుద్ధుందా పెద్దాయనా? ఇలా ఉత్తుత్తి ఈలలేస్తే, రేపు నిజం ఈలకి ఎవరొస్తారు?" టీకొట్టావిడ కసిరింది.

"తప్పయిపోయిందమ్మా." అతని చూపు జనం మీదే ఉంది. "వీళ్ళంతా... ఈ ఊరివాళ్ళేనా?"

"కాక, అద్దెకు తెచ్చుకున్నామా?"

"ఒక్కరూ మిగల్లేదన్నారే!"

"ఎవడో కోతలు కోసుంటాడు. సగం ఊరు బతికి బట్టకట్టింది. పిల్లాపాపలతో ఇంతమందిమయ్యాం. ఇక దయచేయండి."

ముసలాయన నవ్వాడు. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వాడు. ఒక చంటిదాని తల నిమిరి బస్సెక్కాడు.

తిక్కమనిషి అనుకుందామె.

అందరికన్నా వెనక అత్తగారు రొప్పుతూ వచ్చింది.

"ఎవరే ఈల వేసింది?"

"ఎవరో పై ఊరివాడు అత్తయ్యా. చెడామడా తిట్టి పంపించేశాను."

"పైవాడా? అయ్యో!" అత్తగారు రోడ్డు వైపు చూసింది. బస్సు కనబడలేదు. "నాకు పళ్ళు లేవు. నువ్వు వెయ్యవే ఈల!"

"కట్టుబాటు కదత్తయ్యా..."

"నేను పెట్టిన కట్టుబాటే. వెయ్యి!"

వేసింది.

కింద మలుపులోంచి బదులొచ్చింది. రెండు పొట్టి, ఒకటి పొడుగు.

అత్తగారు అందరి ముందూ చిన్నపిల్లలా గెంతింది. తర్వాత పేరులేని రాతిని రెండు చేతులా పట్టుకుంది.

"మన ఈల పైవాడికెలా తెలుస్తుందే పిచ్చిదానా! ఆ రోజు అవతలి గట్టు మీంచి ఇదే ఈల వేసి మమ్మల్ని లేపి, తను మట్టిలో కలిసిపోయాడని, పేరైనా తెలియక ఈ రాయి ఎవరికి నిలబెట్టామో, ఆయనే వచ్చి వెళ్ళాడు."