జున్ను గేటు దాటాలి

"వర్జ్యం వచ్చేస్తోంది! ఈలోపు ఆ కుక్క కార్లో గేటు దాటకపోతే అది మనతో రాదు, అంతే!"

అనంతలక్ష్మిగారు మూడో అంతస్తు బాల్కనీలోంచి అరిచారు. సూరత్, అడాజన్‌లో ఆ అపార్ట్‌మెంట్ మొత్తానికీ వినపడింది.

కింద పార్కింగ్‌లో మనవరాలు కోమలి కుక్క మెడపట్టీ గట్టిగా పట్టుకుంది. అనకాపల్లిలో అత్త గృహప్రవేశం. కార్లో రెండు రోజుల దారి. జున్ను రాకపోతే దాన్ని కిమ్ అనే ఊరి దగ్గర కుక్కల హాస్టల్లో పడేస్తారు. పోయినసారి అక్కడ వదిలితే ముద్ద ముట్టలేదు. తిరిగొచ్చాక కోమలిని చూసి తోక కూడా ఊపలేదు.

జున్ను అంటే గ్రేట్ డేన్. ఇంకా పిల్లే! కాకపోతే మామూలుగా నిలబడితే చాలు, మూతి నేరుగా డైనింగ్ టేబుల్ మీది సాంబారు గిన్నెలోకి పోతుంది.

ఊరికే వెనక సీట్లో కూర్చోబెట్టొచ్చుగా అంటారా? కూర్చోబెట్టారు. కేబుల్ బ్రిడ్జి మీద ఒక్క దూకు దూకి, డ్రైవ్ చేస్తున్న భానుప్రకాశ్ ఒళ్లో కూర్చుంది. స్టీరింగ్ కనపడలేదు. తాపీ నది మాత్రం బాగా కనపడింది. అప్పట్నుంచి కోమలి వాళ్ల నాన్నది ఒకటే మాట.

"బోనులో పెట్టాలి, బోను కదలకుండా కట్టాలి. అప్పుడే గేరు వేస్తా."

ఇనప బోను కొన్నారు. వెనక సీటు మడిచి, చెమటలు కక్కుతూ డిక్కీలోంచి ఎక్కించారు. చూస్తే బోను తలుపు ముందు సీట్ల వైపుంది. దించారు. తిప్పారు. మళ్లీ ఎక్కించారు.

"జున్నూ, లోపలికి!"

కూర్చుంది. బయటే.

లోపల బిస్కెట్ వేశారు. మెడ ఒక్కటే లోపలికెళ్లి బిస్కెట్‌తో బయటికొచ్చింది. మిగతా కుక్క అంగుళం కదల్లేదు.

"డాడీ, వీడియోలో చెప్పారు. వాడికి అది ఇల్లులా అనిపించాలంట. నువ్వోసారి లోపల కూర్చుని చూపించు."

"నేనా?"

"నేనైతే వాడు ఆట అనుకుంటాడు. నువ్వైతే సీరియస్‌గా తీసుకుంటాడు."

భానుప్రకాశ్ కంపెనీ యూనిఫాంతోనే, మెడలో ఐడీ కార్డుతోనే, మోకాళ్ల మీద బోనులోకి పాకాడు. హజీరా ఫ్యాక్టరీలో ఆయన కింద బోలెడుమంది ఇంజనీర్లు. అదృష్టం బాగుండి ఒక్కడూ ఈ బిల్డింగ్‌లో ఉండడు.

జున్ను చాలా శ్రద్ధగా చూసింది. తర్వాత ముందుకాలెత్తి తలుపు నెట్టింది.

టప్. గడియ పడింది.

"చాలు, తియ్."

"తీస్తున్నా డాడీ... ఇరుక్కుంది."

వాచ్‌మన్ కాకా పరిగెత్తుకొచ్చాడు. బోనులో ఉన్న సాబ్‌ని చూశాడు. బయటున్న కుక్కని చూశాడు. ఏం అడగాలో తెలీక, "కహాఁ తక్ జానా హై, సాబ్?" అన్నాడు, ఎక్కడిదాకా ప్రయాణం అన్నట్టు.

సాబ్ ఊచలు పట్టుకుని ఊపాడు.

పైనుంచి కోమలి వాళ్లమ్మ మధులత గరిటెతో తొంగి చూసింది. "ఏమండీ, మీరెందుకు ఎక్కారు అందులో? ఇక్కడ పప్పు ఉడికిపోయింది!"

"మధూ, నన్నిప్పుడు మాట్లాడించకు!"

"ఒరే భానూ, హాస్టల్‌కి ఫోన్ చేసేయనా?" అన్నారు అనంతలక్ష్మిగారు.

"వద్దు నానమ్మా, ప్లీజ్!" కోమలి పైకి చూసి చేతులు జోడించింది.

"అమ్మా, దీన్ని నడిపించుకుని తీసుకెళ్తే నీకేం పోయింది?" బోనులోంచి కేక.

"కారు ప్రయాణానికి నడకేంట్రా! కార్లో వెళ్లేది కార్లోనే గేటు దాటాలి!"

కాకా గడియ మీద ఒక్క గుద్దు గుద్దాడు. తలుపు తెరుచుకుంది. భానుప్రకాశ్ బయటికి రాబోయాడు. తన వంతు వచ్చిందనుకుని జున్ను లోపలికి దూకింది. ఆయన మీదకే. కాసేపు ఏ కాలు ఎవరిదో తెలీలేదు. చివరికి ఆయన కుక్క కిందనుంచి జారి బయటపడ్డాడు. ఐడీ కార్డు లోపలే ఉండిపోయింది, జున్ను నోట్లో.

కోమలి తలుపేసేసింది.

"నా కార్డు!"

"ఉండనీ డాడీ! అది నములుతున్నంతసేపూ వాడు కదలడు!"

ఇక బోను కట్టాలి. సూరత్‌లో తాడుకి కరువు రావచ్చు గానీ చీరకి రాదు. పైనుంచి ఒకటి ఎగురుకుంటూ వచ్చింది.

"జార్జెట్ వద్దు నానమ్మా, ముడి జారిపోతుంది! కాటన్!"

కాటన్ చీర వచ్చి కాకా నెత్తిన పడింది. సీటు కొక్కేలకి, బోను ఊచలకి నాలుగు వైపులా బిగించారు. ఊపి చూశారు. బోను కదల్లేదు. కారు కదిలింది.

భానుప్రకాశ్ గేరు వేశాడు, పూజ చేస్తున్నట్టు. కోమలి ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంది. స్పీడ్ బ్రేకర్. జున్ను చెవులు లేచాయి. కోమలి సీటు గట్టిగా పట్టుకుంది. చెవులు దిగాయి. కార్డు నమలడం మళ్లీ మొదలైంది.

గేటు.

"దాటింది! దాటేసింది! శుభం!" బాల్కనీలోంచి చప్పట్లు.

"డాడీ, వాడు పడుకున్నాడు! వాడు మనతో వస్తాడు!" కోమలి ఏడ్చేసింది.

కారు రోడ్డు దాటింది. ఎదురు అపార్ట్‌మెంట్ ముందు ఆగింది. భానుప్రకాశ్ స్నేహితుడు ఉమాకాంత్ లుంగీలో ఎదురొచ్చి డిక్కీ తెరిచాడు.

"రావోయ్ జున్నూ, నీ గది రెడీ!"

వీళ్లు అనకాపల్లి బయల్దేరేది ఆదివారం. ఈ వారంలో మంచి ముహూర్తం ఇవాళే ఉందని, ఇవాళ సామాను గుమ్మం దాటిస్తే ప్రయాణం మొదలైనట్టేనని ఇంట్లో నలుగురూ తలా ఒక జత బట్టలు పొద్దున్నే ఎదురింట్లో పరస్థానం పెట్టేశారు, బట్టల్లేని జున్ను మాత్రం స్వయంగా రావాల్సొచ్చింది.